తొమ్మిది మంది, ఆరు రోజులు, అండమాన్: టెక్కలి మిత్రులకు నా సమాధానం

మీరు టెక్కలి నుంచి రాసిన ప్రశ్న సారాంశం ఇది. ఇంజనీరింగులో కలిసి చదువుకున్న తొమ్మిది మంది మిత్రులు చాలా ఏళ్ల తర్వాత ఏదైనా ద్వీపానికి వెళ్లాలనుకుంటున్నారు. సంక్రాంతి అయ్యాక ఆరు రోజుల సెలవు దొరుకుతుంది. మాల్దీవులా, లక్షద్వీపాలా, అండమానా అన్నది తేలలేదు. ముగ్గురికి ఈత రాదు, ఒకరికి ఉబ్బసం ఉంది, ఇద్దరు శాకాహారులు. అండమాన్ అయితే అయిదు ద్వీపాలు చూడాలని జాబితా కూడా రాసుకున్నారు. మీలో ఒకరి చిన్నాన్న పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చాలాకాలంగా చేపల వ్యాపారంలో ఉన్నారు. నేను విజయనగరంలో ఉంటాను. మిత్రబృందాలతో అయిదుసార్లు అండమాన్‌కు, ఒకసారి మాల్దీవులకు వెళ్లాను. అండమాన్ యాత్రల్లో రెండింటిని నేనే నడిపించాను, అందులో ఒకదాన్ని చెడగొట్టాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను: అండమాన్‌కే వెళ్లండి, అయితే ఆ అయిదు ద్వీపాల జాబితాను మూడుకు కుదించండి.

మిగిలిన రెండింటినీ ఎందుకు వద్దంటున్నానో క్లుప్తంగా చెబుతాను. లక్షద్వీపాలకు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, ప్రయాణం ఎక్కువగా కొచ్చి మీదుగానే సాగుతుంది. మొత్తం 36 ద్వీపాల్లో జనం నివసించేవి పదే. అన్నీ కలిపినా భూమి 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. తొమ్మిది మందికి ఒకే తేదీల్లో అనుమతులు, టిక్కెట్లు, గదులు మూడూ కలిసిరావడం కష్టం, పైగా టెక్కలి నుంచి కొచ్చికి వెళ్లిరావడానికే మీ సెలవులో రెండు రోజులు ఖర్చవుతాయి. మాల్దీవుల్లో కాగితాల బెడద తక్కువ. దిగగానే 30 రోజుల పర్యాటక వీసా రుసుము లేకుండా ఇస్తారు. కానీ అక్కడి రిసార్టులు ఎక్కువగా ద్వీపానికి ఒకటి చొప్పున ఉంటాయి కాబట్టి గది నచ్చినా నచ్చకపోయినా చుట్టూ నీళ్లే తప్ప వేరే ఊరు ఉండదు, రాజధాని మాలే నుంచి అక్కడికి చేర్చే స్పీడ్‌బోటు లేదా సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) ఖర్చు వేరేగా పడుతుంది. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి గనుక ఆలస్యంగా దిగినవారు ఆ రాత్రి మాలే దగ్గరే గడపాలి. జనావాస ద్వీపాల్లో అతిథిగృహాలు చౌకే. అయినా మాల్దీవులు కొత్త దంపతులకు కుదిరినట్టు కబుర్ల కోసం కలిసే తొమ్మిది మందికి కుదరవు. మా బృందం మూడో రోజుకే పేకముక్కలు తీసింది.

అండమాన్ విషయంలో మన జిల్లాలవారికి వేరేవారికి లేని సౌకర్యం ఒకటుంది. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు, వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటో మాట్లాడుకునేటప్పుడో, మార్కెట్లో చేపలు బేరమాడేటప్పుడో మన యాసే ఎదురుపడితే ఆశ్చర్యపోకండి. నా మొదటి యాత్రలో ఒక టీ దుకాణం యజమాని మా మాట విని, మా ఊళ్లు అడిగి, సోంపేట దగ్గర తన మేనత్త ఇంటి గుర్తులన్నీ చెప్పాడు.

కాలం విషయంలో మీ ఎంపిక సరైనది. జనవరి మూడో వారం నుంచి మార్చి వరకు అక్కడి సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, నీరు తేటగా ఉంటుంది. మే చివర నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వర్షాలు ఉంటాయి, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుఫానుల భయం ఉంటుంది. దసరా సెలవులు కలిసొస్తాయని చాలామంది అక్టోబరును ఎంచుకుంటారు, నేను మాత్రం ఎవరికీ ఆ సలహా ఇవ్వను. 2014 అక్టోబరు 12న విశాఖను, మన ఊళ్లను చితకగొట్టిన హుద్‌హుద్ అంతకు నాలుగు రోజుల ముందు అండమాన్ దీవులను దాటుకునే ఇటు వచ్చింది. మన తీరానికి వచ్చే గాలివానల్లో చాలావాటి పుట్టిల్లు ఆ సముద్రమే. ఇక మీలో ఎవరికైనా రథసప్తమికి అరసవల్లిలో ఉండి తీరాలన్న నియమం ఉంటే ముందే పంచాంగం తెరవండి. పంచాంగం వల్ల మరో ఉపయోగం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

విశాఖ నుంచి ఓడలో వెళ్తే బాగుంటుందా అని అడిగారు. ఓడ ప్రయాణం సుమారు 56 గంటలు పడుతుంది, విశాఖ నుంచి నెలకు ఒకటి రెండు సార్లకు మించి ఉండదు, తేదీలు కూడా చాలా ముందుగా ప్రకటించరు. రానూపోనూ మీ ఆరు రోజుల్లో అయిదు రోజులు నీళ్ల మీదే గడిచిపోతాయి. పదవీ విరమణ చేశాక ఒకసారి ఓడలో వెళ్లండి, రాత్రిపూట డెక్కు మీద పడుకుని ఆకాశం చూడటం మరచిపోలేని అనుభవం. ఇప్పుడు మాత్రం విమానమే. విశాఖ నుంచి నేరు విమానం ఆ రోజుల్లో నడుస్తోందో లేదో చూసుకోండి; లేకపోతే చెన్నై లేదా కోల్‌కతా మీదుగా వెళ్లాలి. శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కి అదే రోజు విశాఖలో విమానం పట్టుకునే సాహసం చేయకండి. ముందు రాత్రికే విశాఖ చేరి, ఎవరో ఒక బంధువు ఇంట్లో సర్దుకోండి. మనవాళ్లలో విశాఖలో బంధువులు లేనివారెవరు?

టిక్కెట్లు చూసేటప్పుడు పేర్లతో తికమక పడకండి. హావ్‌లాక్ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్ అని, రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని 2018 డిసెంబరులో పేర్లు మార్చారు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. పడవ టిక్కెట్టు మీద ఒక పేరు, హోటల్ రసీదు మీద మరో పేరు కనిపించవచ్చు. నేను ఇక్కడ అందరికీ అలవాటైన పాత పేర్లే వాడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన ఊళ్లలో యాత్ర అంటే ముందు గది చూసుకుంటాము, ప్రయాణం ఏదో విధంగా జరిగిపోతుంది. బస్సు తప్పితే మరో బస్సు ఉంటుంది. ద్వీపాల్లో లెక్క తిరగబడుతుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు, అక్కడి నుంచి నీల్‌కు, నీల్ నుంచి తిరిగి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లే పడవల వేళలు ఖాయమైన తర్వాతే గదులు ఖాయం చేసుకోవాలి. ప్రైవేటు పడవలో హావ్‌లాక్‌కు సుమారు గంటన్నర పడుతుంది, ప్రభుత్వ ఫెర్రీలో రెండు గంటలకు పైనే పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ చాలా చౌక, బయట నిలబడి గాలి పీల్చుకోవచ్చు కూడా. అయితే అది ప్రధానంగా ద్వీపవాసుల కోసం నడిచేది కాబట్టి తొమ్మిది టిక్కెట్లు ఒకేసారి దొరకడం అనుమానమే. సీజనులో తొమ్మిది మందికి ఒకే పడవలో చోటు కావాలంటే కనీసం నెల ముందు ప్రైవేటు పడవలో తీసుకోండి. టిక్కెట్టు మీద పేరు గుర్తింపు కార్డు మీద ఉన్నట్టే రాయించండి.

నేను చెడగొట్టానన్న యాత్ర ఇక్కడే చెడింది. ఎనిమిది మందిమి చివరి రాత్రి హావ్‌లాక్‌లోనే ఉండి, మరునాడు తొలి పడవలో పోర్ట్‌బ్లెయిర్ చేరి మధ్యాహ్నం విమానం ఎక్కేటట్టు నేనే పథకం వేశాను. ఆ ఉదయం గాలి లేచింది, పడవ రద్దయింది. జెట్టీ దగ్గర వందల మంది సామాన్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి మా విమానం మా నెత్తి మీదుగానే పోయి ఉంటుంది. పడవవారు తమ డబ్బు తిరిగి ఇచ్చారు కానీ విమానం డబ్బు ఎవరిస్తారు? ఎనిమిది కొత్త టిక్కెట్ల భారం మీద పడిన తర్వాత, అంతవరకు నన్ను నాయకుడన్నవారే ఆ పథకం ఎవరు వేశారని అడగడం మొదలుపెట్టారు, అందులో వారి తప్పేమీ లేదు. ఇది చిన్న ముచ్చట. 2016 డిసెంబరులో వాతావరణం చెడిపోయినప్పుడు హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోతే నౌకాదళం, తీరరక్షక దళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. అందుకని చివరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్‌బ్లెయిర్‌లోనే గడపండి. ఆ రోజును వృథా అనుకోకండి, అది మీ విమానం టిక్కెట్లకు కట్టిన బీమా.

ఆ లెక్కన మీ ఆరు రోజులు ఇలా సాగుతాయి. మొదటి రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి మధ్యాహ్నం సెల్యులార్ జైలు చూసి, సాయంత్రం అక్కడే ధ్వని కాంతి ప్రదర్శన చూడండి. రెండో రోజు ఉదయం పడవలో హావ్‌లాక్ చేరి అక్కడ రెండు రాత్రులు ఉండండి. నాలుగో రోజు నీల్‌కు వెళ్లి ఒక రాత్రి ఉండండి. అయిదో రోజు పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగివచ్చి, వేళ మిగిలితే ఎదురుగా ఉన్న రాస్ ద్వీపం చూడండి. పడవలో పావుగంట ప్రయాణం, బ్రిటిషువారి పాత పాలనాకేంద్రం శిథిలాలను మర్రి ఊడలు చుట్టేసి ఉంటాయి. ఆరో రోజు విమానం. నార్త్ బే గురించి అడిగారు, దాన్ని వదిలేయండి. పాత ఎర్ర రంగు 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య కనిపించేది ఆ వైపు దృశ్యమే. నోటు మీద చూసి తృప్తి పడినా నష్టం లేదు.

సెల్యులార్ జైలును మాత్రం గంటలో ముగించకండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఆ కట్టడానికి మొదట ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన మన్యంవారు కూడా అండమాన్ శిక్ష అనుభవించారు. వారిలో గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ గదుల ముందు ఈ సంగతి తలచుకున్నప్పుడు మా బృందంలో అంతవరకు సెల్ఫీలు తీసుకుంటున్నవారు కాసేపు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు.

కొత్తవారు తేలికగా తీసుకునే విషయం సూర్యుడు. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. శ్రీకాకుళంలో కంటే అక్కడ సుమారు 35 నిమిషాలు ముందే మధ్యాహ్నం అవుతుంది. సంక్రాంతి తర్వాతి రోజుల్లో సాయంత్రం అయిదుంబావుకే సూర్యుడు కుంకుతాడు. తొమ్మిది గంటలకు లేచి, ఫలహారం ముగించి, పదకొండింటికి బయలుదేరే బృందానికి అక్కడ సగం రోజు పోయినట్టే. హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికే అక్కడ ఉండాలి. మా బృందంలో ఆలస్యంగా లేచేవారి కోసం ఒక నియమం పెట్టుకున్నాము: ఉదయం ఆరింటికి వాహనం కదులుతుంది, రానివారు ఆ పూట వారి ఇష్టం, వారి కోసం ఎవరూ ఆగరు, తిరిగొచ్చాక ఎవరూ దెప్పరు. చివరి మాటే ముఖ్యమైనది.

పంచాంగం సంగతి ఇప్పుడు చెబుతాను. నీల్ ద్వీపంలో రాతి వంతెనలా ఏర్పడిన నేచురల్ బ్రిడ్జి దగ్గరికి ఆటు సమయంలోనే, అంటే నీరు తీసినప్పుడే నడిచి వెళ్లాలి. పోటు సమయంలో వెళ్తే రాళ్ల మీద జారిపడటం తప్ప కనిపించేది తక్కువ. అదే ద్వీపంలోని భరత్‌పూర్ తీరంలో ఇందుకు తిరగబడి, నీరు బాగా తీసినప్పుడు పగడాలు, రాళ్లు పైకి తేలి స్నానానికి వీలుండదు. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు ఉంటుంది, రోజురోజుకూ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువగా ఎక్కి ఆటు బాగా తీస్తుంది; సప్తమి, అష్టమి రోజుల్లో తేడా తక్కువ. ఇది భావనపాడులోనో కళింగపట్నంలోనో వలవేసే ఎవరినడిగినా చెబుతారు, మనమే ఫోన్లు వచ్చాక మరచిపోయాము. మీరు వెళ్లే తేదీల తిథులు చూసుకోండి, హోటల్‌లో ఆ రోజు ఆటు వేళ అడగండి, దాన్నిబట్టి ఏ తీరానికి ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించండి.

నీటిలో దిగే విషయంలో ఒక మాట కఠినంగానే చెప్పాలి. మనం సముద్రం ఒడ్డున పెరిగాము కాబట్టి సముద్రం తెలుసనుకుంటాము. బారువలోనో చింతపల్లిలోనో మోకాలి లోతున అలలతో ఆడుకోవడం వేరు, అక్కడ నిలకడగా కనిపించే నీటిలో నడుస్తూ నడుస్తూ లోతుకు పోవడం వేరు. హావ్‌లాక్‌లో 2010లో ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి వాత పడిన ఘటన జరిగింది. మడచెట్లు, వాగు కలిసే చోట్ల హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టినవి కావు. కాపలా ఉన్న తీరంలో, వారు చూపిన హద్దులోనే దిగండి. మద్యం తాగినవారు ఆ రోజు నీటి అంచు దాటరాదన్న ఒప్పందం బయలుదేరకముందే, అందరూ తెలివిగా ఉన్నప్పుడే చేసుకోండి.

ఈత రాని ముగ్గురూ దిగులు పడనవసరం లేదు. హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ తీరంలో లైఫ్ జాకెట్ వేసి, రబ్బరు టైరు పట్టించి, శిక్షకుడే లాక్కువెళ్తూ స్నార్కెలింగ్ చేయిస్తాడు. ముఖం నీటిలో పెట్టి నోటితో ఊపిరి తీయడం ఒడ్డున పది నిమిషాలు సాధన చేస్తే చాలు. గాలి సిలిండరు తగిలించి, శిక్షకుడు పట్టుకుని నీటి అడుగుకు దింపే తొలి స్కూబాకు కూడా ఈత తప్పనిసరి కాదు. అయితే దానికి ముందు ఆరోగ్యం గురించి ఒక పత్రం నింపమంటారు. ఉబ్బసం ఉన్న మిత్రుడు అక్కడ నిజమే రాయాలి. నీటి లోపల ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుంటే పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచించి ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఇక్కడి వైద్యుడు చూసి సరేనంటేనే దిగాలి, లేకపోతే గాజు అడుగు పడవ ఎక్కాలి. జలుబు ఉన్నవారు కూడా దిగకూడదు, చెవుల్లో ఒత్తిడి సమం కాక నొప్పి పుడుతుంది. స్కూబా చేసిన రోజే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి మునిగినవారు 18 గంటలు ఆగాలన్నది అందరూ పాటించే నియమం. నేను చెప్పిన క్రమంలో స్కూబా మూడో రోజున పడుతుంది కాబట్టి ఆ చిక్కు రాదు.

ఫోటోల్లో చూసిన రంగుల పగడాలన్నీ కనిపిస్తాయని ఆశించకండి. 2010లో సముద్రపు నీరు వేడెక్కి అక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. చాలాచోట్ల బూడిద రంగు కొమ్మలే ఉంటాయి, వాటి మధ్య చేపలు మాత్రం రంగురంగులుగా తిరుగుతాయి. పగడం మీద కాలు మోపకండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్కను, గవ్వను పిల్లల కోసమని సంచిలో వేసుకోకండి. విమానాశ్రయంలో పట్టుకుంటారు, చట్టం కూడా ఒప్పుకోదు.

మీ జాబితాలో ఉన్న బారాటాంగ్ ద్వీపాన్ని నేను కొట్టివేశాను. సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం చూడదగ్గవే. కానీ తెల్లవారకముందే బయలుదేరి, బయటివారికి దూరంగా అడవిలో బతికే జార్వా తెగవారి అభయారణ్యం గుండా వాహనాల వరుసలో వెళ్లి, సాయంత్రానికి నీరసంగా తిరిగి రావాలి. ఆ దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు; తప్పితే శిక్ష ఉంటుంది. నేను ఒక్కసారి వెళ్లాను. మా ముందు వాహనంలోని వారు అద్దాలకు ముఖాలు ఆనించి అడవివైపు జార్వాల కోసం వెతుకుతున్న తీరు చూశాక, గుహలకంటే ఆ చూపుల కోసమే సగం మంది వస్తున్నారనిపించి మళ్లీ వెళ్లలేదు.

డబ్బు గురించి నా పద్ధతి చెబుతాను. తలా కొంత ముందే వేసి ఉమ్మడి డబ్బు ఒకరి చేతిలో పెట్టండి. ఆ ఒకరు బృందంలో ఉదారుడు కాకుండా పిసినారి అయితే మంచిది. గదులు, పడవలు, వాహనం, తిండి ఉమ్మడిలోంచి ఇవ్వాలి; స్కూబా, ఇతర ఆటలు ఎవరివి వారే పెట్టుకోవాలి, ఎందుకంటే దిగని ముగ్గురిచేత దిగిన ఆరుగురి ఖర్చు కట్టించడం దగ్గరే చాలా స్నేహాల్లో చేదు మొదలవుతుంది. రాత్రి భోజనం దగ్గర ఆ రోజు లెక్క చదివేయాలి. నీల్‌లో ఏటీఎంను నమ్ముకోకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఫోన్ల పరిస్థితి చాలా మెరుగైంది, అయినా చిన్న ద్వీపాల్లో ఫోను చెల్లింపు ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు. తొమ్మిది మందికి ముగ్గురు చొప్పున మూడు గదులు సరిపోతాయి. గురక పెట్టేవారిని ఒకే గదిలో వేయడం అన్యాయంలా కనిపిస్తుంది కానీ మిగతా ఆరుగురి నిద్ర దాని మీదే ఆధారపడి ఉంటుంది.

శాకాహారులకు పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్‌లలో ఇబ్బంది లేదు. నీల్‌లో పప్పు, అన్నం, కూర దొరుకుతాయి, వైవిధ్యం తక్కువ. పలాస జీడిపప్పు, చెక్కలు, చిన్న ఆవకాయ సీసా వెంట ఉంటే ఎవరూ చిన్నబోరు. పడవ ఎక్కే ఉదయం కడుపునిండా తినకండి. వాంతుల మాత్ర ముందు రోజే వైద్యుడిని అడిగి తెచ్చుకుని, పడవ కదలకముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు.

ఇక జంగ్లీఘాట్‌లో ఉన్న చిన్నాన్నగారిని చివరి రోజు మర్యాదకు కలుద్దామనుకుంటున్నట్టు రాశారు. చివరి రోజు కాదు, మొదటి రోజే కలవండి. జైలు చూసి వస్తూ ఆయన ఇంటికి వెళ్లి, ఊరి నుంచి తెచ్చిన జీడిపప్పు చేతికిచ్చి, మీ పడవల తేదీలు ఆయన ముందు పెట్టండి. గాలి ఎటు తిరుగుతోందో, ఏ రోజు నీల్‌లో ఆటు ఎప్పుడు తీస్తుందో ఆయనకు ఫోను చూడకుండానే తెలుస్తుంది. నాలుగో రోజు పడవ వద్దు, ముందు రోజే వెళ్లిపొండి బాబూ అని ఆయనంటే, హోటల్ డబ్బు పోయినా సరే, ఆయన మాటే వినండి.